వేసవి ఉత్సవమే పాటల బడి: భద్రాచలం నుంచి మెలట్టూరు దాకా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పాటతో కథ నడిపే నాటకం తెలుగువారిలో ఏయే రూపాల్లో ఉందో చెప్పగలుగుతారు.
- ఒక ఉత్సవాన్ని శిక్షణ సంస్థగా చూసి, దాని పనితీరును వివరించగలుగుతారు.
- అలాంటి శిక్షణ ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్నను చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర పాఠాల్లో మీరు రాజులు, శిస్తులు, ఉద్యమాల గురించి చదివారు. ఈ పాఠంలో అడిగే ప్రశ్న వేరు. పాటతో కథ నడిపే కళను ఒక తరం మరో తరానికి ఎలా అప్పగిస్తుంది?

ఐరోపాలో ఇలాంటి కళను ఒపెరా అంటారు. 1598లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ప్రదర్శించిన 'డాఫ్నే'ను మొదటి ఒపెరాగా చరిత్రకారులు పరిగణిస్తారు. తెలుగువారికి ఆ పేరు కొత్తదే కాని, ఆ పని పాతదే. 16వ శతాబ్దానికి చెందిన కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయము', లభ్యమైన యక్షగానాల్లో తొలినాటిదిగా సాహిత్య చరిత్రల్లో కనిపిస్తుంది. తరువాత గేయనాటకం, పద్యనాటకం వచ్చాయి. ఇవన్నీ ఒకటే అనుకోకండి. వీటి రాగాలు వేరు, రంగస్థలాలు వేరు, పోషకులు వేరు. అయితే అన్నింటికీ ఒక అవసరం ఉమ్మడిగా ఉంది. పాడే కుర్రవాడు శ్రుతి తప్పకూడదు, పాత్ర కూడా వదలకూడదు. ఈ రెండూ కలిసి రావాలంటే గదిలో చేసిన సాధన చాలదు. జనం ముందు నిలబడాలి.

అమెరికాలోని శాంటా ఫే పట్టణంలో 1957లో జాన్ క్రాస్బీ వేసవి ఒపెరా ఉత్సవాన్ని ప్రారంభించినప్పుడే, యువ గాయకులను శిక్షణార్థులుగా చేర్చుకునే ఏర్పాటు కూడా చేశారు. వాళ్లు బృందగానంలో పాడతారు, చిన్న పాత్రలు వేస్తారు, పెద్ద గాయకులను పక్కనే ఉండి గమనిస్తారు. ఈ పద్ధతి ఆధునికమైనదిగా కనిపిస్తుంది. కాని తెలుగు పాట నడిచిన దారుల్లో ఇది చాలా కాలం ముందే ఉంది. ఈ పాఠం చెప్పదలచింది ఇదే: ఒక గాన సంప్రదాయాన్ని నిలబెట్టేది గొప్ప గాయకుడు ఒక్కడే కాదు. చిన్నవాళ్లు తప్పనిసరిగా నిలబడి పాడవలసిన తేదీ ఒకటి ఏటా రావడం కూడా అంతే ముఖ్యం.

2. భద్రాద్రి పాట చేసిన ప్రయాణం

ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దం వాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా పనిచేశాడు. అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలు. భద్రాచలంలో రామాలయం కట్టించడానికి ప్రభుత్వ సొమ్ము వాడాడన్న అభియోగంపై గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆయన్నే మనం భక్త రామదాసు అంటున్నాం.

రామదాసు నాటకాలు రాయలేదు, కీర్తనలే రాశాడు. అయినా ఆ కీర్తనల స్వభావాన్ని గమనించండి. అందులో పాడేవాడు దేవుడితో మాట్లాడతాడు, వేడుకుంటాడు, నిలదీస్తాడు, లెక్కలు అడుగుతాడు, సీతమ్మ చేత సిఫారసు చేయించుకుంటాడు. అంటే ఎదుట మరో పాత్ర ఉన్నట్టే పాట నడుస్తుంది. నాటకానికి కావలసిన ముడిసరుకు ఇదే. భజన గోష్ఠుల ద్వారా ఆ పాటలు గోదావరి తీరం దాటి కావేరి తీరం చేరాయి. త్యాగరాజు (1767-1847) తన గేయనాటకం 'ప్రహ్లాద భక్తి విజయము'లో భద్రాచల రామదాసును స్మరించాడు. గోల్కొండ కోటలో బందీ అయిన ఒక ఉద్యోగి పేరు, సుమారు ఒకటిన్నర శతాబ్దంలోపే తంజావూరు సీమలోని సంగీత నాటకంలో చేరింది.

ఇది ఎలా సాధ్యమైంది? విజయనగర కాలం నుంచి తంజావూరులో నాయక రాజుల పాలన సాగింది. వారి ఆస్థాన భాష తెలుగు. రఘునాథ నాయకుడు, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడు యక్షగానాలను పోషించారు. విజయరాఘవుడి ఆస్థానంలోని రంగాజమ్మ 'మన్నారుదాస విలాసము' రచించింది. నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగు పాటను వదల్లేదు. కనుక భద్రాద్రి కీర్తన కావేరి సీమకు చేరేసరికి, దాన్ని అర్థం చేసుకునే చెవులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి.

పాలనా హద్దులు మాత్రం మారుతూ వచ్చాయి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. అంతవరకు గోదావరి జిల్లాలతో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మంలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. హద్దు మారినా పాట నడక ఆగలేదు. ధర్మవరం గోపాలాచార్యులు రాసిన 'రామదాసు' నాటకం, 1964లో చిత్తూరు నాగయ్య తీసిన సినిమా ఆ కథను ఊరూరా పాడించాయి. భద్రాచలంలో ఏటా జరిగే వాగ్గేయకార ఉత్సవంలో రామదాసు నవరత్న కీర్తనలను గాయకులు బృందంగా పాడతారు. ఇలాంటి బృందగానంలో వెనక వరుసలో కూర్చున్న విద్యార్థికి కూడా పెద్దల గొంతు పక్కన తన గొంతు సరిచూసుకునే వీలు దొరుకుతుంది.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి: రామదాసు కీర్తనల్లో నాటక లక్షణం ఏమిటి? అవి తంజావూరు సీమలో ఆదరణ పొందడానికి ఏ చారిత్రక పరిస్థితి తోడ్పడింది?*

3. మెలట్టూరు: ఏటా వచ్చే పరీక్ష

తంజావూరుకు సమీపంలోని మెలట్టూరు గ్రామం మన ప్రశ్నకు అన్నింటికంటె స్పష్టమైన ఉదాహరణ. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప, తెలుగు దేశం నుంచి వచ్చిన 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లు, భూములు ఇచ్చాడని, ఆయన పేరుతోనే ఆ ఊరు అచ్యుతాబ్ధి అయిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆ ఊరి వాడైన వేంకటరామ శాస్త్రి 'ప్రహ్లాద చరిత్రము', 'ఉషా పరిణయము', 'హరిశ్చంద్ర' వంటి తెలుగు నాటకాలు రచించాడు. వీటినే భాగవత మేళ నాటకాలు అంటారు.

ఇవి ఆడేది నరసింహ జయంతికి, అంటే వైశాఖ శుద్ధ చతుర్దశికి. ఎండలు మండే రోజులు. గుడి ముందు వీధిలో రాత్రి మొదలైన నాటకం తెల్లవారుజాము దాకా సాగుతుంది. ఉత్సవం వరుసగా కొన్ని రాత్రులు నడుస్తుంది.

ఇందులో శిక్షణ ఎక్కడుంది? నాటకం మొదలయ్యే క్రమం చూడండి. ముందు కోణంగి అనే హాస్యగాడు వచ్చి జనాన్ని సద్దుమణిగిస్తాడు. తరువాత ఏనుగు ముఖం తొడుక్కుని గణపతి వస్తాడు. ఈ గణపతి ఒక చిన్న పిల్లవాడు. వాడికి పాడే భారం లేదు. కాని జనం ముందుకు రావడం, తాళానికి అడుగు వేయడం, భయం పోగొట్టుకోవడం అక్కడే అలవడతాయి. కొన్నేళ్లకు ప్రహ్లాదుడు, ఆ తరువాత స్త్రీ పాత్రలు, చివరికి హిరణ్యకశిపుడి వంటి బరువైన పాత్రలు. తరగతులు, మార్కులు లేకపోయినా మెట్లు మాత్రం కచ్చితంగా ఉన్నాయి.

మరో విషయం గమనించండి. ఈ నటులు ఇంట్లో మాట్లాడేది తమిళం. నాటకం మొత్తం తెలుగు. తెలుగు లిపి చదవని కుర్రవాళ్లు కూడా పెద్దల నోట విని, తమిళ లిపిలో రాసుకుని, పలుకు దిద్దుకుంటారు. చాలామంది నటులు ఇప్పుడు నగరాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ, ఉత్సవం వేళకు సెలవు పెట్టి ఊరికి వస్తారు. వాళ్లను రప్పించేది జీతం కాదు, ఆ తేదీ. 20వ శతాబ్దం మొదటి భాగంలో ఈ ఉత్సవం క్షీణించింది. 1930ల్లో గ్రామస్థులే దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1950ల్లో ఇ. కృష్ణ అయ్యర్ వంటివారు దాన్ని బయటి ప్రపంచం దృష్టికి తెచ్చారు. రాతప్రతులు, గుడి, తిథి మిగిలి ఉండటం వల్లే ఆ పునరుద్ధరణ సాధ్యమైంది.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి: మెలట్టూరు ఉత్సవాన్ని 'మెట్లున్న బడి' అని ఎందుకు అనవచ్చు?*

4. ఈ బడిలో ప్రవేశం ఎవరికి?

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఒక్క క్షణం ఆగాలి. సంప్రదాయాన్ని మెచ్చుకోవడంతో మన పని పూర్తి కాదు. తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి మూసుకుపోయింది అని కూడా అడగాలి.

మెలట్టూరులో వేషం కట్టేది మగవాళ్లే, అదీ కొన్ని కుటుంబాల వాళ్లే. కూచిపూడి భాగవతుల్లోనూ చాలా కాలం ఇదే నియమం. కృష్ణా తీరంలోని ఆ గ్రామాన్ని భాగవతులకు ఇచ్చింది తానీషాయేనని అక్కడి సంప్రదాయ కథనం. రామదాసును బంధించిన పాలకుడినే కూచిపూడి దాతగా తలుచుకోవడం గమనించదగ్గ విషయం. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పడం, తరువాత వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టి అనేకమంది యువతులకు శిక్షణ ఇవ్వడంతో ఆ గోడ కూలింది.

సురభి దారి వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచక వధ' ఆడింది. ఈ సమాజాల్లో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. కుటుంబమంతా నాటకంతోపాటు ఊళ్లు తిరిగేది. పిల్లలకు తెర వెనకే ఊయల, తెర ముందే బడి. బాల కృష్ణుడిగా, బాల ప్రహ్లాదుడిగా మొదలైన పిల్లలు పద్యాలు, హార్మోనియం శ్రుతి వింటూ పెద్దవాళ్లయ్యారు. ఇక్కడ తలుపు ఆడపిల్లలకు తెరుచుకుంది, కాని ఆ కుటుంబంలో పుట్టినవారికే ఎక్కువగా తెరుచుకుంది.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. ఇటలీలోని నేపుల్స్ సంగీత పాఠశాలలు 16వ శతాబ్దంలో అనాథ బాలుర ఆశ్రయాలుగా మొదలయ్యాయి. దిక్కులేని పిల్లలే తరువాతి కాలంలో ఐరోపా వేదికలను ఏలారు. వెనిస్ ఆశ్రయాల్లో బాలికలకు అంతే గొప్ప సంగీతం నేర్పారు. కాని వాళ్లు జాలీల వెనక నుంచి పాడవలసి వచ్చింది. నేర్పు ఒకటే, వేదిక మాత్రం అందరికీ ఒకటి కాలేదు.

5. అడవి అంచున డోలి

తిరిగి భద్రాచలం వద్దకు వద్దాం. కోదండరాముడి కల్యాణం చైత్రంలో జరిగే ఈ ఊరి చుట్టూ ఉన్న అడవి పల్లెల్లో మరో గాన సంప్రదాయం ఉంది. కోయల ఇలవేల్పుల కొలుపుల్లో, చావు కర్మల్లో, మేడారం జాతరలో డోలి కళాకారులు పాడతారు. పడిగె అనే మూడు కోణాల బొమ్మల గుడ్డ ముందు, గట్ల పుట్టుపూర్వోత్తరాలు, వీరుల కథలు కోయ భాషలోనూ తెలుగులోనూ రాత్రులు గానం చేస్తారు. దీన్ని ఒపెరాతో పోల్చి ఎక్కువ తక్కువలు కట్టవద్దు. కాని పాటతో కథ నడపడం, ఎదుట జనం ఉండటం, పక్కన వంత పాడుతూ చిన్నవాడు నేర్చుకోవడం ఇక్కడా ఉన్నాయి.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయానికి ప్రతినిధి. సమ్మక్క సారలమ్మ కథను పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మరణించారు. పురస్కారం వ్యక్తికి అందింది. ఆయనకు తెలిసిన కథలు ఎవరికి అందాయి అన్నది వేరే ప్రశ్న.

మెలట్టూరుతో పోల్చి చూడండి. అక్కడ రాతప్రతి ఉంది, గుడి ఉంది, ఏటా తప్పని తిథి ఉంది. డోలి పాటకు రాతప్రతి గాయకుడి జ్ఞాపకమే. మేడారం జాతర రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమికి వస్తుంది. మిగతా పాట అంతా పిలుపు మీద ఆధారపడింది. పిలుపులు తగ్గితే కుర్రవాడు పెద్దాయన వెంట కూర్చునే రాత్రులు తగ్గుతాయి. ఆ రాత్రులు తగ్గితే పాట కురచవుతుంది. రికార్డు చేసి దాచడం అవసరమే. అయితే రికార్డు తప్పు దిద్దదు, 'మళ్లీ పాడు' అనదు. వేసవి సెలవుల్లో కోయ పిల్లలకు, ఆడపిల్లలతో సహా, తమ పెద్దల దగ్గర నేర్చి ఊరి ముందు పాడే ఒక తేదీ ఉంటే, అది మెలట్టూరు నుంచి తీసుకోదగ్గ పాఠం. మెలట్టూరులో లేని తెరిచిన తలుపు కూడా అందులో ఉంటుంది. ఆ తేదీని నిర్ణయించవలసింది మాత్రం ఆ పాట ఎవరిదో వాళ్లే. బయటివారు దాన్ని ప్రదర్శన వస్తువుగా మారిస్తే, కొలుపు పోయి కార్యక్రమం మిగులుతుంది.

6. సారాంశం

రామదాసు కీర్తన గోదావరి నుంచి కావేరికి వెళ్లి గేయనాటకంలో స్మరణకు నోచుకుంది. మెలట్టూరు వేసవి ఉత్సవం పిల్లవాడిని గణపతి ముసుగు నుంచి హిరణ్యకశిపుడి దాకా నడిపించింది. సురభి ఆడపిల్లలను వేదిక ఎక్కించింది. ఈ మూడింటిలో శిక్షణకు, ప్రదర్శనకు మధ్య గోడ లేదు. తలుపు ఎవరికి తెరవాలన్న విషయంలో మాత్రం ప్రతి సంప్రదాయానికీ హద్దులున్నాయి. డోలి పాట ఆ ప్రశ్నను నేటి మన ముందుకు తెస్తోంది.

అభ్యాసం

1. శిక్షణ సంస్థగా ఉత్సవం పాత్రను మెలట్టూరు, సురభి ఉదాహరణలతో వివరించండి. (30 పంక్తులు)
2. లిఖిత సంప్రదాయం, మౌఖిక సంప్రదాయం తరతరాలకు అందే తీరులో తేడాలు ఏమిటి? (10 పంక్తులు)
3. మీ ఊళ్లో లేదా పక్క ఊళ్లో పాటతో కథ చెప్పే ఒకరిని కలిసి, వారు ఎవరి వెంట, ఏ సందర్భంలో, ఏ వయసులో మొదటిసారి జనం ముందు పాడారో అడిగి రాయండి. ఇప్పుడు వారి పక్కన కూర్చుని నేర్చుకుంటున్నది ఎవరో కూడా తప్పక అడగండి.