ఓఆర్‌ఎం సర్వీస్ లేయర్ విస్తరణ

డేటాబేస్ పట్టికలోని వరుసలను ప్రోగ్రాములో ఆబ్జెక్టులుగా మలిచే సాధనం ఓఆర్‌ఎం. దానికీ, తెరమీద కనిపించే పేజీలకూ నడుమ నిలిచే పొర సర్వీస్ లేయర్. చేర్చడం, చదవడం, సవరించడం, తొలగించడం ఏ పట్టికకైనా తప్పవు కాబట్టి ఆ నాలుగు పనులనూ ఒక జెనరిక్ క్లాసులో ఒక్కసారే రాసి అంతటా వాడుకుంటారు. పేర్లు ఒకటైనా ఆ పనుల అర్థం పట్టికను బట్టి మారుతుంది. ఉమ్మడి కోడ్‌ను చెడగొట్టకుండా ఆ తేడాకు చోటు కల్పించడమే విస్తరణ.

సర్వీస్ లేయర్, రిపాజిటరీ వంటి నమూనాలను మార్టిన్ ఫౌలర్ 2002లో వెలువరించిన ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ల పుస్తకం ప్రోగ్రామర్లకు దగ్గర చేసింది. జావాలో హైబర్నేట్ అనే ఓఆర్‌ఎం 2001లో, పైథాన్‌లో సొంత ఓఆర్‌ఎం ఉన్న జాంగో ఫ్రేమ్‌వర్క్ 2005లో వచ్చాయి.

కృష్ణా డెల్టా భూముల లెక్క ఈ విషయానికి చక్కని ఉదాహరణ. ప్రకాశం బ్యారేజీ కింద కాలువ నీటితో సార్వా, దాళ్వా పండే ఊరికి పంట నమోదు అప్లికేషన్ రాస్తున్నారనుకుందాం. భూమిపై హక్కు ఎవరిదో 1-బి రికార్డు చెబుతుంది. ఏ సర్వే నంబరులో ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉందో అడంగల్ చెబుతుంది. అడంగల్ నడిచేది ఫసలీ లెక్కన. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. తేదీ జూలైలో గానీ ఆ తర్వాత గానీ ఉంటే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 590, అంతకుముందైతే 591 తీసేయాలి. అంటే 2024 ఆగస్టు, 2025 జనవరి రెండూ 1434 ఫసలీవే.

ఉమ్మడి క్లాసులో 'ఈ సంవత్సరం' వరుసలను తెచ్చే వడపోతకు ఇదేమీ తెలియదు, దాని సంవత్సరం జనవరితోనే మొదలవుతుంది. జనవరిలో నాటిన దాళ్వాను అది ముందటి సార్వా నుంచి విడదీసి, తర్వాతి సార్వాతో కలిపేస్తుంది. అలాగని ఉమ్మడి క్లాసునే దిద్దితే ఫసలీతో పనిలేని పట్టికలు పాడవుతాయి. కాలువ గట్టు తెంచకుండా తమ పొలానికి తూము పెట్టుకున్నట్టు, జాంగోలోనైతే పంట నమోదుకు వేరే క్వెరీసెట్ (వరుసలను వెతికి తెచ్చే క్లాసు) రాసి ఫసలీ లెక్కను అందులో పెట్టాలి. జావాలోని స్ప్రింగ్ డేటా జేపీఏలోనూ ఇందుకు దారి ఉంది: అదనపు మెథడ్‌లకు వేరే ఇంటర్‌ఫేస్ రాసి, దాన్ని అమలుచేసే క్లాసు పేరు చివర 'ఇంప్ల్' చేరిస్తే ఫ్రేమ్‌వర్క్ రెంటినీ కలుపుకుంటుంది. ఎవరు, ఎప్పుడు మార్చారన్న నమోదు వంటివి అన్ని పట్టికలకూ కావలసినవే కనుక అవి మాత్రం మూల క్లాసులోనే ఉండాలి.

అన్నిటికంటే జాగ్రత్త కోరేది తొలగింపు. రెండెకరాల నలభై సెంట్లలో రైతు తొంభై సెంట్లు అమ్మితే పాత వరుసను చెరిపేయకూడదు. రేపు తగాదా వస్తే ఆధారం అదే. అందుకని తొలగించే మెథడ్‌ను మార్చి, వరుసకు 'చెల్లదు' అన్న గుర్తు మాత్రం పెట్టిస్తారు. తెరమీద ఒక్కో రికార్డు తీసేటప్పుడు ఇది సరిగ్గానే పనిచేస్తుంది. జాంగోలో క్వెరీసెట్ మీద ఒకేసారి చాలా వరుసలను తొలగిస్తే మాత్రం మోడల్‌లో రాసుకున్న తొలగింపు మెథడ్ నడవదు, వరుసలు నిజంగానే పోతాయి. గుంపుగా సవరించినప్పుడు సేవ్ మెథడ్ కూడా అంతే. జేపీఏలోని గుంపు క్వెరీలూ ఆబ్జెక్టులకు తగిలించిన కాల్‌బ్యాక్‌లను పిలవవు. పాత వరుసలను శుభ్రం చేసేందుకు రాత్రిపూట నడిచే ప్రోగ్రాము ఒక్కటి చాలు, ఏళ్ల చరిత్ర చెరిగిపోవడానికి. కాబట్టి ఈ నియమం క్వెరీసెట్‌లోనూ ఉండాలి, డేటాబేస్‌లో ఆ పట్టికపై తొలగించే అనుమతినే తీసేయాలి.

ఒకే కమతంలో ఒక కారులో (పంటకాలంలో) నమోదైన పంటల మొత్తం ఆ కమతం విస్తీర్ణాన్ని మించకూడదు. సార్వా, దాళ్వా ఒకే నేల మీద పండుతాయి కనుక వాటిని కలిపి కూడితే తప్పుడు లెక్క వస్తుంది. ఇద్దరు సిబ్బంది ఒకే క్షణంలో నమోదు చేస్తే, విడివిడిగా చూసినప్పుడు ఇద్దరి లెక్కా సరిపోయి, మొత్తం మాత్రం మించవచ్చు. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ముందు కమతం వరుసకు తాళం వేసి, ఆ తర్వాతే మొత్తం కూడాలి. విస్తీర్ణాన్ని ఫ్లోట్‌గా కాక డెసిమల్‌గానో, సెంట్లలో పూర్ణాంకంగానో దాచాలి.

జాంగోలో మోడల్‌కు క్వెరీసెట్‌లను అందించేది మేనేజర్. చెల్లని వరుసలను దాచే మేనేజర్‌ను డిఫాల్ట్‌గా పెట్టుకుంటే మరో చిక్కుంది. డేటాకు నకలు తీసే డంప్‌డేటా కమాండ్ మామూలుగా డిఫాల్ట్ మేనేజర్‌నే వాడుతుంది. దానితో తీసిన నకలులో పాత హక్కుదారుల వరుసలు ఉండవు. 'ఆల్' ఆప్షన్ ఇస్తేనే అది మూల మేనేజర్ ద్వారా అన్నిటినీ తెస్తుంది.