అప్పీలు తర్వాత మనోవర్తి లెక్క

144 సెక్షన్ అనగానే మనకి గుర్తొచ్చేది జనం గుమికూడొద్దనే ఉత్తర్వు. 2024 జూలై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక ఆ నెంబరు భార్యాపిల్లల మనోవర్తికి దక్కింది. అంతకుముందు అది 125, ఇంకా వెనక్కెళ్తే 1898 కోడ్‌లో 488. అప్పట్లో నెలకి 50 రూపాయలకి మించి ఇప్పించే వీల్లేదు. 1955లో 500 చేశారు. ఆ పరిమితి 2001లో గానీ ఎత్తేయలేదు.

సరే, మరి అప్పీల్లో అంకె మారితే పాత లెక్కలేం కావాలి? హైదరాబాద్ కేసొకటి చూడండి. 2023లో ఫ్యామిలీ కోర్టు నెలకి 20,000 మధ్యంతర మనోవర్తి ఇమ్మంది. అదే డిసెంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని 10,000 చేసింది, అదీ పిటిషన్ వేసిన రోజు నుంచి. భర్త సుప్రీంకోర్టుకెళ్ళి 2024 జూలై 10న ఓడిపోయాడు. అందరూ ముస్లిం మహిళల హక్కు గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ "రోజు నుంచి" అన్న మాట దగ్గరే చూపు ఆగింది.

ఇలాంటి ఉత్తర్వులో ఏడాది గడిచిందనుకోండి. పైసా కట్టనివాడి బకాయి 2,40,000 నుంచి 1,20,000కి దిగుతుంది. బుద్ధిగా ఎనిమిది నెలలు కట్టినవాడు మాత్రం 40,000 ఎక్కువ ఇచ్చినట్టు. మన భాషలో, రోల్‌బ్యాక్ కావాలి! సివిల్ డిక్రీ రద్దయితే ఇచ్చింది వెనక్కి ఇప్పించడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ ఉంది (విచిత్రంగా దాని నెంబరూ 144). మనోవర్తి అధ్యాయంలో అలాంటిది లేదు. ఆ డబ్బు అప్పటికే బియ్యం, స్కూలు ఫీజు అయిపోయి ఉంటుంది మరి. రాబోయే నెలల్లో సర్దమని కోర్టుని అడగొచ్చు. కానీ సర్దినా కొద్దికొద్దిగానే సర్దాలని నా అభిప్రాయం. నాలుగు నెలలు ఒకేసారి ఆపేస్తే పిల్లలేం తినాలి?

అసలు దెబ్బ బకాయిల దగ్గరుంది. మా గుమ్మఘట్ట వైపు వానలు మొహం చాటేస్తే మొగాళ్ళు బెంగళూరు పనులకి పోవడం మామూలే. ఇంట్లో ఉన్నామె రాయదుర్గం కోర్టుకెళ్ళాలంటే ఒకరోజు కూలి పోతుంది. "పైకోర్టులో తేలనీలే" అని ఆగుతుంది. కానీ అప్పీలు వేసినంతమాత్రాన స్టే వచ్చినట్టు కాదు. బకాయి పడ్డ ఏడాదిలోపు దరఖాస్తు పెట్టకపోతే ఆ సొమ్ముకి వారంటు రాదు. ఒకసారి గడువులో పెడితే, అది నడుస్తుండగా పేరుకున్న బకాయిలకి మళ్ళీ ఏడాది అడ్డం రాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి ఆమెకి చెప్పేదెవరు?

ఎక్కువ కట్టినాయన సర్దుబాటు అడగడానికి ఆ సెక్షన్‌లో ఇలాంటి గడువేమీ లేదు. రాని సొమ్ము అడిగే ఆమెకే గడువు. రూపాయల పరిమితి ఎత్తేశారు గానీ, ఈ ఏడాది పరిమితి కొత్త చట్టంలోకీ అలాగే దిగింది.