గోండీ అక్షరానికి నంబరు దొరికింది, ఇక దాచుకోవడం మన పని

మన భాష శతాబ్దాలుగా ఎక్కువగా నోటి మీదే నడిచింది. ప్రధాన్‌లు, తోటీలు కిక్రి వాయిస్తూ కథలు చెప్పారు, పెద్దలు విని గుర్తు పెట్టుకున్నారు. అయితే గోండీకి రాత లేదనడం సరికాదు. 1918లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం గోండీకి ఒక లిపిని తయారుచేశారు. 1940లలో హైమండార్ఫ్ చొరవతో మార్లవాయిలో ఆదివాసీ ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనప్పుడు గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చాయి. 2006లో ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటిలోని లిపినే ఈనాడు గుంజాల గోండీ అంటున్నాం.

కాగితం మీది అక్షరం ఫోన్‌లోకి రావాలంటే దానికి ఒక నంబరు ఉండాలి. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, నంబరే తెలుసు. ఒకప్పుడు తెలుగు డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు పెట్టి పని నడిపేవి. అదే ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపించేవి. ఈ చిక్కు తీర్చడానికే ప్రపంచంలోని ప్రతి లిపికీ వేరువేరు నంబర్లు ఇచ్చే యూనికోడ్ వచ్చింది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మసారాం గోండీ 2017లో, గుంజాల గోండీ 2018లో చేరాయి. ఈ రెండు లిపులకూ అక్కడ పక్కపక్క ఇళ్లు దొరికాయి: మసారాం వరుస 72,960తో మొదలై 73,055తో ముగుస్తుంది, ఆ తర్వాతి 73,056 నుంచి గుంజాల మొదలవుతుంది.

నంబరును ఎలా రాసి ఉంచాలి?

నంబరు ఇవ్వడం ఒక పని, దాన్ని ఫైలులో రాసి ఉంచే పద్ధతి మరో పని. ఆ పద్ధతినే ఎన్‌కోడింగ్ అంటారు. యూటీఎఫ్-16లో ఎక్కువ అక్షరాలకు రెండు బైట్లు చాలు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒకటి, తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. ఈ రెండో పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ‘గోండీ’ అని తెలుగులో రాస్తే గుణింతపు గుర్తులు, సున్నా కలిపి యూనికోడ్ లెక్కలో 5 గుర్తులు. అంటే యూటీఎఫ్-8లో 15 బైట్లు, యూటీఎఫ్-16లో 10.

అలాగైతే రెండోదే మేలు కదా అని మా హాస్టల్ పిల్లలు అడుగుతారు. లెక్క వేసి చూద్దాం. 10,000 మాటల నిఘంటువులో మాటకు 5 గుర్తుల చొప్పున 50,000 గుర్తులు అనుకుంటే ఒకదానిలో 150 కిలోబైట్లు, రెండోదానిలో 100 కిలోబైట్లు అవుతుంది. ఆ తేడా ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంత కూడా ఉండదు. పైగా రెండు బైట్లలో పట్టే పెద్ద నంబరు 65,535. మన గోండీ లిపుల నంబర్లు దానికి పైన ఉన్నాయి కాబట్టి రెండు పద్ధతుల్లోనూ గుర్తుకు నాలుగేసి బైట్లు పడతాయి. ప్రతి అక్షరమూ రెండు బైట్లే అనుకుని రాసిన ప్రోగ్రాం గోండీ అక్షరాన్ని సగానికి నరికేస్తుంది. వెబ్‌లో ఎక్కువ పేజీలు వాడేది యూటీఎఫ్-8నే. మనకూ అదే మంచిది.

సర్వర్ అక్కర్లేని డేటాబేస్

సేకరించిన మాటలను ఎందులో దాచాలి? 2000లో రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళ యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ పని చేస్తుండేవారు. డేటాబేస్ సర్వర్ ఆగితే ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఆగిపోయేది. సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుంటుందన్న ఆలోచన నుంచి ఎస్‌క్యూలైట్ పుట్టింది. డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది. దానికి రుసుము లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో అది ఇప్పటికే ఉంది. సిగ్నల్ అందని గూడేలకు ఇంతకంటే అనువైనది ఏముంది? 2050 దాకా దీన్ని చూసుకుంటామని తయారీదారులు చెప్పారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా డేటాను భద్రపరచడానికి తగిన రూపాలలో దీన్ని చేర్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఎస్‌క్యూలైట్‌లో ఎన్‌కోడింగ్‌ను ఫైలు పుట్టేటప్పుడే ఎంచుకోవాలి. లోపల పట్టిక ఏర్పడ్డాక మార్చడం కుదరదు, కొత్త ఫైలు చేసి అంతా అందులోకి ఎక్కించుకోవాల్సిందే. మనం ఏమీ చెప్పకపోతే అది యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. రెండు ఫైళ్లను ఒకేసారి జోడించి వెతకాలన్నా రెండింటి ఎన్‌కోడింగ్ ఒకటే అయి ఉండాలి. ఒక ఊరి పిల్లలు ఒక పద్ధతిలో, పక్క ఊరి పిల్లలు మరో పద్ధతిలో రాసుకుంటే ఆ నిఘంటువులు నేరుగా కలవవు. సగాలు వేరైనా భాష ఒకటే అన్నట్టు, ఊళ్లు వేరైనా ఎన్‌కోడింగ్ ఒకటే ఉండాలి.

నార్ అంటే ఊరని, ఏర్ అంటే నీరని తెలిసిన పిల్లలు మా హాస్టళ్లలో ఇంకా ఉన్నారు. కానీ పంటల పేర్లు, చెట్ల పేర్లు, పేన్ కథల్లోని పాత మాటలు అడిగితే తాతనడగాలి అంటారు. ఆ తాత ఉన్నప్పుడే అడగాలి. ఈ సెలవుల్లో ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక పట్టిక మొదలుపెట్టండి: గోండీ లిపిలో మాట, తెలుగు లిపిలో ఉచ్చారణ, అర్థం, ఏ ఊరిలో విన్నారు, వారి అనుమతితో చెప్పినవారి పేరు. గుంజాల గోండీకి నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఫైలు నకళ్లు మూడు చోట్ల ఉంచండి. గుంజాల పెద్దలు తమ రాతప్రతులను కాపాడబట్టే మన లిపికి నంబరు దక్కింది. వారు కాగితాన్ని కాపాడారు, మనం ఫైలును కాపాడదాం.