సాగిందా, పెరిగిందా?

చర్మాన్ని నెమ్మదిగా సాగదీస్తే విస్తరిస్తుందని నిండు గర్భిణి పొట్ట చూసిన ఎవరికైనా తెలుసు. ఆపరేషన్ గదిలో ఆ సంగతి పనికొస్తుందని 1957లో చూపించింది అమెరికా సర్జన్ చార్లెస్ న్యూమన్. చెవి తెగిపోయిన రోగికి ఆ పక్క చర్మం కింద రబ్బరు బుడగ పెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా గాలి ఎక్కించాడు. కొత్త చెవికి కప్పేంత చర్మం వచ్చింది. అయినా ఇరవై ఏళ్ల దాకా ఆ దారిన నడిచినవాళ్లు లేరు.

1976లో చెడోమీర్ రడోవాన్ సిలికాన్ సంచితో ముందుకొచ్చాడు. సూది గుచ్చే మూత కూడా చర్మం కిందే ఉంటుంది. తోటి సర్జన్లు మొదట పెదవి విరిచారు. 1982లో, రొమ్ము తీసేసిన స్త్రీలకు ఆ సంచితో చేసిన చికిత్సను ఆయన ప్రచురించాక పద్ధతి నిలదొక్కుకుంది. నేటికీ చేసేది అదే. ఖాళీ సంచిని లోపల పెట్టి కుట్టేస్తారు. గాయం మానాక వారం వారం సన్నటి సూదితో సెలైన్ ఎక్కిస్తారు. పైచర్మం బిగిసి తెల్లబారిందంటే రక్తం అందడం లేదన్నమాట, అక్కడితో ఆపాలి.

ఇంతకీ వచ్చింది కొత్త చర్మమేనా, పక్కనుంచి లాగిందా? పద్ధతి ముందు వచ్చింది, జవాబు తర్వాత వచ్చింది. మిషిగన్‌లో ఎరిక్ ఆస్టాడ్ గినీ పందులపై చూస్తే పైపొర దళసరెక్కింది, లోపొర పలచబడింది. సాగిన చోట కణవిభజన పెరుగుతుందనీ తర్వాత తేలింది. అసలు కిటుకు 2020లో బ్రస్సెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పాన్ బృందం ఎలుకల్లో పట్టుకుంది. మామూలుగా మూలకణాల్లో కొత్తగా పుట్టేవీ, పైపొరగా మారిపోయేవీ సరిసమానంగా ఉంటాయి. చర్మం సాగితే కొన్నాళ్లపాటు తూకం మూలకణాల వైపు మొగ్గుతుంది. అంటే పెరుగుదల నిజమే.

పూర్తిగా కాదు. వెంట్రుకల కుదుళ్లు మాత్రం కొత్తగా పుట్టవు, ఉన్నవే ఎడంగా జరుగుతాయి. అయినా తలజుట్టు మొలిచే చర్మం ఒంటిమీద మరెక్కడా దొరకదు కాబట్టి, కాలిన మాడుకు దీన్ని మించిన దారి ఇంకా లేదు.