మగ్గం కాడ కావలి

మంట ఇంగ కొంచెం ఎగదొయ్యి నాయనా. పాపా, నీకు పొగ తగుల్తాంది, ఈ పక్కకు రా. పొద్దున అడిగితివి గదా, బళ్లో వ్యాసం రాయమన్నారని, "మనిషి కష్టం మీద, సొత్తు మీద సర్కారుకు ఎంత పెత్తనం ఉండాల తాతా" అని. యాడికి ఊర్లో మగ్గాల ఇంట్లో పుట్టినోనికి అది బళ్లో ప్రశ్న కాదు. పొయ్యి కాడా, మగ్గం గుంత కాడా తరతరాలు నలిగిన మాట. నాకు మా జేజినాయన చెప్పె, ఆయనకు వాళ్ల జేజినాయన చెప్పె. పుస్తకాలు చదివి నేను కొంత కలుపుకుంటి. నిదానంగా వినండి.

1800 నాటికి మన సీమ నిజాముది. తనకు కాపలా ఉండే కుంపిణీ సైన్యం ఖర్చు కింద ఆ ఏడు నిజాం మన సీమంతా ఇంగ్లీషోళ్లకు రాసిచ్చేసె. అందుకే దత్తమండలాలనిరి. ఇచ్చినోడు ఇచ్చె, తీసుకున్నోడు తీసుకునె. నేల దున్నేటోన్ని, బట్ట నేసేటోన్ని ఎవరూ అడగల్యా.

అప్పుడు కలెక్టరుగా వచ్చినాయన థామస్ మన్రో. 1807 దాకా ఉండె. గుడారాల్లో ఉంటా ఊరూరూ తిరిగె, చేను చేనుకూ కొలత పెట్టించి శిస్తు కట్టె. నడమ జమీందారు లేకుండా రైతు పేరుతోనే లెక్క రాయించె. ఆ పద్ధతినే రైతువారీ అనిరి. మన పెద్దోళ్లు ఆయన్ని మన్రోలప్ప అనిరి, బిడ్లకు ఆ పేరు పెట్టుకునిరి. 1827లో పత్తికొండ కాడ కలరా తగిలి చచ్చిపోతే ముందు గుత్తిలోనే పూడ్చిరి. ఆయన మంచిపేరు ఉత్త పుణ్యానికి రాల్యా, దాన్ని నేను కాదనను. అయితే బళ్లో చెప్పని సంగతి ఒకటుంది. రైతువారీ మొదట్లో రైతుకు చేను వదులుకునే హక్కు లేదు. శిస్తు మొయ్యలేక ఊరిడిచి పారిపోతే పట్టుకొచ్చి మళ్ల మేడి పట్టించిరి. పైరు పండేదాకా ఊరకుండి, పండినంక అంతా ఊడ్చుకొని, ఎద్దులూ విత్తనాలూ మాత్రం విడుస్తాండ్రి. ఇది నా కోపం కొద్దీ చెప్పేది కాదు. 1818లో మద్రాసు రెవిన్యూ బోర్డు దొరలే కాగితం మీద ఒప్పుకున్న సంగతి.

మన్రోకు గుడక ఇది తెలుసు. పంటలో నూటికి నలబై అయిదు పాళ్లు మనం తీసుకుంటే రైతు తేరుకోడు, శిస్తులో నాలుగో వంతు తగ్గించండి, ఏటేటా ఇష్టముంటే చేను పట్టుకునే, లేకుంటే వదులుకునే స్వేచ్ఛ ఇయ్యండి అని 1807లో రాసె. పైనోళ్లు వినల్యా. ఊర్లకు ఊర్లు గుత్తకిచ్చిరి, ఒకసారి మూడేండ్లకు, ఇంకోసారి పదేండ్లకు. గుత్తదారులు మునిగిరి, రైతులూ మునిగిరి. ఆయనే మద్రాసు గవర్నరై 1820లో తిరిగొచ్చినంక గానీ ఆ తగ్గింపు దిక్కు లేకపాయె.

ఇంగ మన మగ్గాల సంగతికి వస్తా. నా మనసంతా ఈడనే ఉంటాది.

కుంపిణీకి మన బట్ట కావాల, ఓడల్లో ఇంగ్లీషోళ్ల దేశానికి పంపేదానికి. కొనేది బేరం ఆడి కాదు. ముందు బయానా ఇచ్చేది, అది పట్టుకున్నోడు ఇంగెవరికీ నెయ్యకూడదు. మన్రో దత్తమండలాలకు రాకముందు బారామహలులో పని చేసె, ఇప్పటి సేలం, ధర్మపురి పక్క. ఆడ తాను చూసింది 1813లో లండన్ పార్లమెంటులో సాక్ష్యంగా చెప్పె. కుంపిణీ నౌకర్లు నేతగాళ్ల పెద్దల్ని ఒకచోట కూడేసి, కుంపిణీకి తప్ప నెయ్యం అని ఒప్పుకునేదాకా చుట్టూ కావలి పెడతాండ్రంట. ఒకసారి బయానా తీసుకున్నోడు దాన్నుంచి బయటపడేది అరుదంట. బట్ట ఆలస్యమైతే ఒక బంట్రోతును ఇంటి ముందర కూసోబెట్టేది, వాని బత్తెం గుడక నేతగాని నెత్తినే. ఆ కుంపిణీలోనే పెద్ద పని చేసిన దొర, వాళ్ల పార్లమెంటులోనే నిలబడి చెప్పిన మాట ఇది.

పాపా, నువ్వు దీన్ని బాగా ఆలోచించాల. ఆ నేతగాని మగ్గం ఎవరూ ఎత్తుకపోలేదు. ఇల్లు కూల్చలేదు. నూలుకు దుడ్లు గుడక ముందే ఇచ్చిరి. మగ్గం వానిదే, చేతులు వానివే, గుంతలో కాళ్లు వానివే. పోయింది ఒకటే, "నీకు నెయ్యను పో" అనే మాట. ఆ ఒక్క మాట పోతే వాడు గానుగెద్దు మాదిరి. తిండి పెడతారు, తిప్పుతారు.

దాని పైన మగ్గం పన్ను. మొహతర్ఫా అంటాండ్రి. రైతుకు చేను మీద శిస్తు మాదిరి, కులవృత్తులోళ్లకు పనిముట్ల మీద, మగ్గం మీద, అంగడి మీద. ఏ ఏడు వానలు లేకపోతే ఆ ఏడు బట్ట కొనేటోడు ఉండడు, మగ్గం ఆడదు, అయినా పన్ను పన్నే. మా జేజినాయన జేజినాయన పన్ను మనిషి వస్తాడని తెలిసి మగ్గం పలకలు విప్పి గడ్డివాములో దాచిపెడతాండెనంట. బతికే సాధనాన్ని దొంగ సొత్తు మాదిరి దాచుకోవాల్సొచ్చె.

కట్టనోళ్లను ఏం చేస్తాండ్రో 1855లో మద్రాసు సర్కారు వేసిన కమిషనే అచ్చేసింది. ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టేది. కిట్టి అని రెండు కర్రల నడమ వేళ్లు పెట్టి నొక్కేది. నేతగాని వేళ్లు, చూడండి. ఇంగ నేను ఎక్కువ చెప్పను, పిల్లోళ్లు ఉండారు. 1861లో మొహతర్ఫా ఎత్తేసిరి.

ఆ తరవాత ధాత కరువు. 1876లో వానలు పూర్తిగా ఎగ్గొట్టె. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మనం బళ్లారి జిల్లాలోనే, 1882లో గదా విడిపోయింది. గుత్తి మీదుగా రైలు అప్పటికే వచ్చుండె. రైల్లో గింజలు దిగుతాండె, కొనే దుడ్లు మాత్రం జనం కాడ లేకుండె. వైస్రాయి లిట్టన్ ఏమనె? గింజల వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టదు, వ్యాపారి స్వేచ్ఛ వ్యాపారిది అనె. అదే సర్కారు కూలోని విషయానికొచ్చేతలికి, వాని కడుపుకు ఎన్ని గింజలు పట్టాల్నో లెక్క గట్టె. రిచర్డ్ టెంపుల్ అనే దొర 1877 మొదట్లో మద్రాసుకు వచ్చి, కరువు పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను గింజలూ కొంచెం దుడ్లూ చాలు అనె. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. ఆ కూలికి రాళ్లు కొట్టాల, మట్టి మొయ్యాల. కార్నిష్ అని మద్రాసు ఆరోగ్య కమిషనరు ఇది చావు కూలి అని కొట్లాడె. మన ఇంట్లో ఆ రాళ్ల కాడికి పోయిన నలుగుర్లో ఇద్దరే తిరిగొచ్చిరి. బజారుకు స్వేచ్ఛ, మనిషికి కొలత. నూరేండ్లు దాటినా నాకు ఇది మింగుడు పడదు. స్వేచ్ఛ అనే మాట ఎవరు చెప్పినా, అది ఎవని స్వేచ్ఛ అని ముందు అడగండి.

చెరువు పని ఒకటుంది, మర్చిపోతాంటి. కట్ట తెగితే ఇంటికొక మనిషి చలిక పారా పట్టుకొని పోయేది పాతకాలం నుంచి ఉంది, కుడిమరామత్తు అంటారు. నీళ్లు మనకే, కట్ట మనదే, పనీ మనదే. 1858లో సర్కారు దాన్ని చట్టం చేసె, రానోని కాడ పని విలువకు రెట్టింపు వసూలు చెయ్యొచ్చని. నీళ్లు పంచుకునేటోడు పని ఎగ్గొట్టకూడదు, నిజమే. అయితే ఊరు కూసొని అనుకున్న పనికీ, కచేరీ తాకీదు తెచ్చిన పనికీ తేడా ఉంది. సర్కారు శిస్తు తీసుకొని కట్ట బాగు చెయ్యక, జనాన్ని తిట్టబట్టినంకనే చెరువులు పూడిపాయె.

నేను కండ్లారా చూసింది యుద్ధకాలం. 1943లో నూలుకు, బట్టకు కంట్రోలు వచ్చె. లైసెన్సు ఉన్నోడే నూలు అమ్మాల, కార్డు ఉన్నోడే కొనాల. మా నాయన తెల్లారక ముందే పొయ్యి వరసలో నిలబడేది. మధ్యాన్నానికి "నూలు అయిపాయె" అనేది. అదే నూలు సందేళకు ఇంకో వాకిట్లో రెట్టింపు ధరకు దొరికేది. మాయమ్మ జొన్నల కుండలో నాలుగు నూలు చిలపలు దాచిపెట్టుకునె. ఒకనాడు తనిఖీకి వచ్చినాయన కుండ దొర్లించి, జొన్నలు నేలపాలు చేసి, ఆ చిలపలు ఎత్తుకపాయె. ఆయన పేరు చెప్పను. నాకప్పుడు అయిదారేండ్లు. మాయమ్మ ఏడవల్యా. కూసొని మట్టిలోనుంచి జొన్నలు ఒక్కొక్కటే ఏరుకునె.

గింజలకూ అదే కత. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మూట పట్టకపోవాలంటే పర్మిట్టు. రాయలచెరువు స్టేషన్లో ఆడోళ్లు కొంగు కింద అయిదు సేర్ల బియ్యం పెట్టుకొని వణుకుతా దిగేది చూస్తి. రాజాజీ మద్రాసు ముఖ్యమంత్రి అయినంక 1952లో గింజల కంట్రోలు తీసేసె. అదే ఏడు మన సీమలో కరువు, గంజి కేంద్రాలు పెట్టిరి. సర్కారు కంట్రోలు తీసెయ్యడమూ సరే, సర్కారు గంజి పొయ్యడమూ సరే అని మా నాయన అనేది. రెండూ ఒకే నోటితో అంటివే అని ఎవరన్నా ఎకసక్కెం చేస్తే, ఆకలికీ అదుపుకీ తేడా తెలియదా అని కసురుకునేది.

1959లో నాగపూర్ కాంగ్రెసులో భూములన్నీ కలిపి సహకార సేద్యం చెయ్యాలని తీర్మానం చేసిరి. నిడుబ్రోలు రంగా గారు దాన్ని కాదని బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టె, తొలి అధ్యక్షుడు ఆయనే. లైసెన్సు పర్మిట్టు రాజ్యం అని రాజాజీ తిడతాండె. మన రచ్చకట్ట మీద రాత్రుళ్లు అదే వాదన. 1963లో బంగారు కట్టడి వచ్చి, పద్నాలుగు కారట్లకు మించి నగ చెయ్యకూడదనిరి. మన ఆచార్లు కుంపటి ఆర్పేసి కూలికి పాయిరి. తరాల పనితనం ఒక్క ఉత్తర్వుతో తప్పు పనైపాయె. బంగారు కట్టడి పూర్తిగా పోయింది 1990లోనే, అప్పటికి ఆ కుంపట్లు వెలిగించే చేతులు లేవు.

ఇంతసేపు సర్కారును తిడితి గదా. ఇంగో పక్క చెప్పకుంటే నాది అబద్ధమైతాది. తరిమెల నాగిరెడ్డి 1952లో సంజీవరెడ్డినే అనంతపురంలో ఓడించిన మనిషి. ఆయన వెంట నడిచినోళ్లు రచ్చకట్ట మీద అడిగేది, "సెంటు భూమి లేనోనికి ఆస్తి హక్కు ఏం చేసుకోవాల" అని. దానికి రంగా గారి పక్షం వాళ్లు సరిగ్గా జవాబు చెప్పల్యా. మన ఊర్లలో తాత చేసిన అప్పుకు మనమడు జీతగాడుగా ఉండేది. వాని కష్టం మీద పెత్తనం చేసింది సర్కారు కాదు, రెడ్డో, సావుకారో. 1976లో వెట్టిచాకిరి నిషేధ చట్టం వచ్చి ఆ అప్పులు చెల్లవనె. 1973 భూసంస్కరణల చట్టం మెట్ట నేలకు యాబై నాలుగెకరాలు మించకూడదనె. అమలులో తప్పించుకున్నోళ్లు శానామంది. అయినా ఆ చట్టాలు తప్పని నేను అనను. జీతగాడు "రాను పో" అనగలిగింది ఆ చట్టం వెనకాల నిలబడితేనే.

మన సంగతి గుడక అంతే. 1985లో కొన్ని రకాల బట్ట చేమగ్గానికే వదలాల, మిల్లులు, మరమగ్గాలు నెయ్యకూడదని చట్టం చేసిరి. ఇరవై రెండు రకాలు. మరమగ్గాలోళ్లు కోర్టుకు పోతే 1993లో సుప్రీంకోర్టు చట్టం సరే అనె. తరవాత ఆ రకాలు పదకొండుకు కుదించిరి. మిల్లోని స్వేచ్ఛకు కట్టడి గదా అంటారా? అవును, కట్టడే. మిల్లోనికి నెయ్యేదానికి ఇంగ వెయ్యి రకాలున్నాయి, మనకు చీర అంచు తప్ప వేరే బతుకు లేదు. ఆ కట్టడి నాకు సమ్మతమే. నా లెక్క ఒకటే: బలమున్నోని చెయ్యి పట్టుకునే సర్కారు కావాల, నా చెయ్యి పట్టుకునే సర్కారు వద్దు. ఎవడు ఏ జెండా పట్టుకొని వచ్చినా నేను దాంతోనే తూకం వేసి చూస్తా.

1978లో రాజ్యాంగం సవరించి, ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోనుంచి తీసేసిరి. ఇప్పుడది చట్టం ప్రకారం తప్ప తీసుకోకూడదనే మామూలు హక్కు. ఆ చట్టం ఏమంటాదో తెలుసుకోవాల్సింది మీరే. యాడికి చుట్టూ సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినాయి, ఇంగా వస్తాయి. 2013 భూసేకరణ చట్టంలో ఒక మాటుంది. ప్రైవేటు కంపెనీ కోసం సర్కారు భూమి సేకరించాలంటే, భూమి పోగొట్టుకునే కుటుంబాల్లో నూటికి ఎనబై ఒప్పుకోవాల. బారామహలులో కావలి నడమ కూసున్న నేతగాళ్లకు లేని హక్కు అది. రేపు ఊరిసభకు పిలిస్తే ఇంట్లో కూసోవద్దు నాయనా. పోండి, కాగితం అచ్చరం అచ్చరం చదివించుకోండి. అర్థం కాకుంటే ఇంకోసారి చదవమనండి. ఇష్టం లేకుంటే వేలిముద్ర వెయ్యం అని అందరి ముందర గట్టిగా చెప్పండి.