బోర్డు మీద రాయని పేరు



మొన్న మా కేథలిక్ హైస్కూలు పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో, బెజవాడలో హోటళ్ళు నడుపుతున్న మా వాళ్ళకి శాలువాలు కప్పారు. ఒకరిది టిఫిన్ సెంటరు, ఒకరిది బిర్యానీ పాయింటు, ఇంకొకడిది చిన్న మెస్సు. ఆ మెస్సు వాడు పదో తరగతి దాకా నా బెంచీలోనే కూర్చున్నాడు. చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

మర్నాడు వాడి మెస్సుకెళ్ళి చేపల పులుసుతో కడుపునిండా తిన్నాను. బోర్డు మీద మేరీమాత పేరుంది. "మీ ఇంటిపేరు పెట్టుకోవచ్చు కదరా?" అన్నాను.

"మాత పేరు చూసే సగం మంది వెనక్కి పోతారు. మా పేరు కూడా పెట్టి ఆ మిగతా సగాన్నీ పంపించేయమంటావా?" అని నవ్వాడు.

ఆ నవ్వు వెనక వందేళ్ళ చరిత్ర ఉంది.

1917 నవంబరులో ఇదే బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. ఎవరో తగిలించిన 'పంచమ' పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని ఆ సభలోనే మనవాళ్ళు తేల్చి చెప్పారు. మన పోరాటం పేరు దగ్గరే మొదలైంది.

1924లో గుణదల అనాథాశ్రమానికి రెక్టరుగా వచ్చిన ఫాదర్ ఆర్లాటి అక్కడ లూర్దుమాత విగ్రహం పెట్టాడు. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడింది. డెల్టా పల్లెల్లో పాలేళ్ళ పిల్లలకి మిషన్ బడులు పలకా బలపం ఇచ్చాయి. చర్చిలో కులం పోయిందని నేననను. కానీ బడిలో బెంచీ దొరికింది.

హోటల్లో బెంచీ అంత తేలిగ్గా దొరకలేదు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకి మార్చారు. అందరూ ఒకే వరసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు ఆయన ఉద్యమంలో ముఖ్యమైన భాగం. పక్కన కూర్చుని అన్నం తినడమే ఉద్యమమైన కాలం అది! రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో హోటళ్ళ మాట విడిగా రాయాల్సి వచ్చింది. హోటల్లోకి రానివ్వకపోవడాన్ని నేరం చేసిన అస్పృశ్యత నేరాల చట్టం 1955 జూన్ 1న అమల్లోకొచ్చింది.

అంటే మన తాతలు హోటల్లో కూర్చుని కాఫీ తాగడానికే చట్టం కావాల్సొచ్చింది. మనవడు ఇవాళ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. ఇది చిన్న విజయం కాదు. శాలువా కప్పాల్సిందే.

కానీ బోర్డులు చూడండి. రాజు గారి పులావు, రెడ్డి గారి వంటలు, చౌదరి గారి భోజనం, బ్రాహ్మణ టిఫిన్సు. కులం పేరే అక్కడ రుచికి గ్యారంటీ. మాల గారి పులుసు, మాదిగ గారి బిర్యానీ అని ఒక్క బోర్డు చూపించండి.

పెట్టుబడి సంగతీ అంతే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సీ.  వెలి మాత్రం సర్టిఫికెట్ అడగదు. వాడు మెస్సు పెట్టింది వాళ్ళమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి.

విద్యార్థి మిత్రులారా, మీ బడి సమ్మేళనాల్లో శాలువాలు కప్పండి. తర్వాత ఆ హోటలుకి నలుగుర్ని వెంటబెట్టుకెళ్ళి తినండి. వాడు ధైర్యంగా తన పేరు రాసుకునే రోజు దాకా తింటూనే ఉండండి.

(ఇంకా ఉంది)