పటం పరిచినవాళ్లు

1976 ఆగస్టులో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో జెన్‌కాన్ జరుగుతోంది. బల్ల మీద ఆడే ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఏటా కలుసుకునే జాతర అది. బాబ్ బ్లెడ్‌సా, బిల్ ఓవెన్ అనే ఇద్దరు స్నేహితులకు ఆ జాతరలో కొట్టు పెట్టుకునే చోటు కూడా లేదు. చేతుల్లో కాగితాలు పట్టుకుని జనం మధ్య తిరుగుతూ అమ్మారు. నాలుగు పెద్ద కాగితాలు పక్కపక్కన పరిస్తే 34 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల పొడవున ఒక నగరపటం తయారవుతుంది. ఆ నగరం ఈ భూమ్మీద ఎక్కడా లేదు. అందులో సందులున్నాయి, కోటగోడలున్నాయి, అంగళ్లున్నాయి. ఏ వీధిలో ఎవరు ఉంటారో, వాళ్ల మధ్య ఏం తగాదాలున్నాయో తెలిపే పుస్తకం తర్వాత పోస్టులో వస్తుందని చెప్పి చందాలు కట్టించుకున్నారు. జడ్జెస్ గిల్డ్ అనే బుల్లి ప్రచురణ సంస్థ అలా మొదలైంది.

ఆ పటం ఏ ఆట కోసమో ఇప్పటికీ చూడొచ్చు. ఈ వారాంతం బెంగళూరు ఇందిరానగర్‌లోనో కోరమంగలలోనో ఏదో ఒక బోర్డ్ గేమ్ కేఫ్‌లో నలుగురైదుగురు కుర్రాళ్లు పాచికలు దొర్లిస్తూ, ‘తలుపు తడతాను’, ‘నేను చప్పుడు కాకుండా పక్కకు జరుగుతాను’ అంటూ గంటల తరబడి కూర్చుంటారు. బల్ల మీద ఏముంటుందా అని తొంగిచూస్తే నాలుగు కాగితాలు, కొన్ని పెన్సిళ్లు, వింత ఆకారాల పాచికలు కనిపిస్తాయి. వాళ్లు ఆడుతున్నది రోల్‌ప్లేయింగ్ గేమ్. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర. ఎదురుగా పాడుబడ్డ కోట ఉందని కథ నడిపే మనిషి చెబితే, లోపలికి పోవాలో వెనక్కి తిరగాలో పాత్రలే తేల్చుకోవాలి. గోడ ఎక్కగలిగారా, జారిపడ్డారా అన్నది పాచిక చెబుతుంది. గెలుపు, ఓటమి అన్న లెక్క ఉండదు. కథ సాగినంత కాలం ఆట సాగుతుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి.

దీన్ని మనవాళ్లు పరదేశపు సరదా అనుకుంటారు. వంశవృక్షం చూస్తే సంగతి మరోలా ఉంది. మన చతురంగం పర్షియా మీదుగా యూరప్ చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే పండితుడు చదరంగపు బల్లను 1,600కు పైగా గళ్లకు పెంచి కొండలు, నదులు, ఫిరంగులు చేర్చాడు. 1824 నాటికి ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి దాన్నొక శిక్షణగా మలిచాడు. అందులో గళ్లు పోయి నిజమైన పటం వచ్చింది, ఇరుపక్షాలకూ మధ్యవర్తిగా ఒక తీర్పరి వచ్చాడు. ఆ తీర్పరే నేటి కథకుడికి తాత.

1969లో అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే భౌతికశాస్త్ర విద్యార్థి తన యుద్ధక్రీడలో ఆటగాళ్లకు సేనలతో పాటు మనుషుల పాత్రలూ ఇచ్చాడు: ఒకరు ఊరి మేయరు, ఇంకొకరు విశ్వవిద్యాలయం పెద్ద. ఆటగాళ్లు యుద్ధం సంగతి మరిచిపోయి ఎత్తులకు పైఎత్తులు వేసుకుంటూ కూర్చున్నారు. ఆట చెడిందనుకున్నాడు వెస్లీ. వాళ్లేమో మళ్లీ ఎప్పుడని అడిగారు. అక్కడ ఆడిన డేవ్ ఆర్నెసన్ తర్వాత ఇదే పద్ధతిని కోట కింది సొరంగాల్లోకి దింపాడు. ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ధర 10 డాలర్లు, మొదటి ముద్రణ 1,000 ప్రతులు. దాన్ని ప్రచురించిన టీఎస్‌ఆర్ కూడా అప్పటికి ఇంట్లోనే పెట్టెలు సర్దుకునే చిన్న సంస్థే.

కొత్త ఆట కనిపెట్టడం ఒక ఎత్తు, ముక్కూమొహం తెలియనివాళ్లు దాన్ని ఆడుకునేలా చేయడం మరో ఎత్తు. బెంగళూరుకు 140 కిలోమీటర్ల దూరంలోని మైసూరులో 19వ శతాబ్దంలో మూడో కృష్ణరాజ ఒడెయరు ఎన్ని ఆటలు కల్పించారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చదరంగపు గుర్రం అన్ని గళ్లనూ ఒక్కొక్కసారే తాకి వచ్చే చిక్కుముడులు, వందల ముక్కలతో సాగే చాద్ పేకాటలు, అన్నిటినీ వివరిస్తూ శ్రీతత్త్వనిధి గ్రంథంలో కౌతుకనిధి అనే భాగం. ఒక్కో పేకముక్క మీద ఒక్కో దేవతామూర్తి. అంత చేసినా ఆ ఆటలు ఆస్థానం గడప దాటి జనంలోకి పెద్దగా రాలేదు. వాటి వెనక చవగ్గా అచ్చువేసి, పోస్టులో పంపి, సందేహం వస్తే తీర్చే ప్రచురణకర్త లేడు. రాజుగారి ప్రతిభకు వంక పెట్టలేం. కానీ ఆటలు బతికేది ప్రచురణ వల్లనే అని నేను నమ్ముతాను, జడ్జెస్ గిల్డ్ కథ నా నమ్మకానికి ఆధారం.

బ్లెడ్‌సాది ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకేటర్. గీతలు, కొలతలు, పటాలు ఆయనకు అలవాటైన పని. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు కొన్నవాళ్లందరికీ ఒకటే ఇబ్బంది అని ఆయనకు తెలుసు. నియమాలున్నాయి, ఆడుకోవడానికి లోకం లేదు. పొద్దస్తమానం ఉద్యోగం చేసుకుని ఆదివారం స్నేహితులను పిలిచే మనిషి ఒక నగరాన్ని, దాని చుట్టూ అడవుల్ని, సత్రాల్ని, దొంగల్ని ఎప్పుడు కల్పించాలి? 1976 జులైలో ఇద్దరు మిత్రులూ లేక్ జెనీవాకు వెళ్లి అనుమతి అడిగారు. టీఎస్‌ఆర్ వాళ్లు నోటిమాటగా సరేనన్నారు. కల్పించుకోవడంలోనే ఆనందముందని, ఇంకొకరు కల్పించింది జనం ఎందుకు కొంటారని వాళ్ల ఆలోచన. నెల తిరిగేసరికి జాతరలో పటం అమ్ముడుపోయింది.

అచ్చులో వచ్చిన సాహసకథ మాత్రం వీళ్లకంటే ముందే ఉంది. 1975లో టీఎస్‌ఆర్ బ్లాక్‌మూర్ పుస్తకంలో ఒకటి వేసింది. 1976లోనే వీ వారియర్స్ అనే మరో చిన్న సంస్థ పిశాచరాణి కోట కథను విడిగా తెచ్చింది. జడ్జెస్ గిల్డ్ గొప్పతనం వేరే చోట ఉంది. వాళ్లు ఊరు మొత్తాన్ని అమ్మారు. సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్ అనే ఆ నగరంలో వీధివీధికీ అంగడి, అంగడికో యజమాని, యజమానికో పేరు, బలం, గుణం. ఏ సారాకొట్లో ఏ పుకారు వినిపిస్తుందో కూడా రాసిపెట్టారు. ఆటగాడు ఏ సందులోకి తిరిగినా కథకుడు తెల్లమొహం వేయనక్కర్లేదు. 1977లో కథకుడు తన కాగితాలు దాచుకుంటూ నియమాల పట్టికలు చూసుకోవడానికి ఒక మడత అట్ట తెచ్చారు. నేడు ప్రతి కేఫ్ బల్ల మీదా కనిపించే అడ్డుతెర దాని సంతానమే. ఆ అట్టను చూస్తే నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ఆడేవాళ్లతో కూర్చుని, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో గమనించినవాళ్లకే అలాంటి వస్తువు తడుతుంది.

కాగితం నాసి, బొమ్మలు కొన్ని బాగుంటే కొన్ని బాగుండవు. నెలనెలా పంపాలన్న తొందర పుటపుటలో కనిపిస్తుంది. అయితే ఆ తొందరలోనే మాణిక్యాల్లాంటివీ పుట్టాయి. తర్వాత జెన్నెల్ జాక్వేస్‌గా పేరుపొందిన రచయిత్రి 1979లో డార్క్ టవర్, కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా అనే సాహసకథలు రాశారు. ఒకే దారిన నడిపించే సొరంగాలకు బదులు పైకి, కిందికి, చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చే దారులు, రహస్యపు మెట్లు, లోపలెక్కడో తెరుచుకునే రెండో ద్వారం. ఎటు పోవాలన్న నిర్ణయం నిజంగా ఆటగాడి చేతుల్లో పెట్టారు. ఆమె 2024 జనవరిలో కన్నుమూశారు. సొరంగాలు గీయడం నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ పటాలు ముందేసుకుని కూర్చుంటారు.

బాగా నడిచిన రోజుల్లో సంస్థలో 42 మంది పనిచేశారు. మొత్తం 250కి పైగా పుస్తకాలు, పటాలు తెచ్చారు. వాళ్ల విజయం చూశాక 1978లో టీఎస్‌ఆర్ కూడా విడి సాహసకథలు అచ్చువేయసాగింది. 1980ల మొదట్లో అనుమతి పొడిగించలేదు. సొంత ఆట లేని సంస్థ, ఇంకొకరి పేరు మీద బతికిన సంస్థ, పేరు పోయాక ఎక్కువ కాలం నిలబడలేదు. 2008లో బ్లెడ్‌సా మరణించారు. 2020లో వారసుడు చేసిన జాతివిద్వేష వ్యాఖ్యల వల్ల పాత పటాలను మళ్లీ తెస్తున్న ప్రచురణకర్తలు కొందరు బహిరంగంగానే తెగతెంపులు చేసుకున్నారు. ఆ పేరు ఇప్పుడు చాలామందికి చేదు.

ఊరిని ఎవరు కల్పిస్తే వాళ్ల ఊహే బల్ల మీదికి వస్తుంది. దీనికి మన రాక్షసుడే సాక్షి. 1975 డిసెంబరులో టీఎస్‌ఆర్ పత్రికలో రాక్షసుడు మొదటిసారి ఆటలోకి వచ్చాడు. 1977లో మాన్‌స్టర్ మాన్యువల్ పుస్తకానికి ఎక్కాడు. పులి తల, పట్టు అంగీ, చేతిలో పొగతాగే గొట్టం. దీవించిన బాణం తగిలితే చస్తాడు. పది తలల రావణుణ్ని, హిడింబిని, బకాసురుణ్ని చూసిన మనకు ఇతనెవరో అర్థం కాదు. ఆ బాణం, నమ్మిన మనిషి రూపంలో వచ్చే ఆ మాయ వాల్మీకి నుంచి రాలేదు, 1974లో అమెరికా టీవీలో వచ్చిన కోల్చాక్ అనే భయానక ధారావాహికలోని ఒక భాగం నుంచి వచ్చాయి. 1980లో డీటీస్ అండ్ డెమీగాడ్స్ అనే అనుబంధ పుస్తకంలో ఇంద్రుడు, అగ్ని, విష్ణువు ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో అంకెలు వేసి పెట్టారు. అది ద్వేషంతో చేసిన పని అనను. గ్రీకు, ఈజిప్టు దేవతలకూ అవే అంకెలు. కానీ మన దేవుళ్లను పూజించే ఇంట్లో పెరిగినవాళ్లెవరూ ఆ బల్ల దగ్గర లేరన్న సంగతి చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఆ లోటు తీర్చడానికి నడుం కట్టిన మనిషికి మన ప్రాంతంతో గట్టి బంధమే ఉంది. బెంగళూరు నుంచి హోసూరు మీదుగా పోతే, తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో బలిగానపల్లి ఉంది. ఊరి పేరు వింటేనే తెలుస్తుంది, హోసూరు చుట్టుపట్ల తెలుగు ఇంటిభాషగా నిలిచిన సీమ అది. అక్కడ 1997లో అబ్రహాం జార్జ్ పేద పిల్లల కోసం శాంతిభవన్ అనే ఆశ్రమపాఠశాల స్థాపించారు. ఆయన కుమారుడు అజిత్ జార్జ్ ఆ పాఠశాల నిర్వహణ బాధ్యతలు చూస్తూనే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ రచయిత అయ్యారు. 2021లో వచ్చిన రేవెన్‌లాఫ్ పుస్తకంలో కలకేరి అనే రాజ్యం ఆయన రాసిందే. పాత పుస్తకాల్లో అరిజని అనే రాక్షసుడు ఏలిన భారతీయ ఛాయల ప్రాంతాన్ని తిరగరాసి, సింహాసనం మీద రమ్య అనే రాణిని కూర్చోబెట్టారు. అరిజని ఆమెకు పోటీదారైన తోబుట్టువయ్యాడు. దాయాదుల పోరు మనకు కొత్త కాదు కదా, రాజ్యం వెంటనే మనదిలా అనిపిస్తుంది.

2022లో ఆయన, ఎఫ్. వెస్లీ ష్నైడర్ కలిసి జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్ పుస్తకానికి సారథ్యం వహించారు. 13 సాహసకథలు, రచయితలంతా నల్లజాతి, గోధుమవర్ణపు మనుషులు. ఒక్కొక్కరూ తమ పూర్వీకుల నేల నుంచి కథ తెచ్చారు. కోల్‌కతాలో పుట్టిన మిమి మండల్ రాసిన కథలో శంఖభూమి అనే నదీతీరపు దేశం ఉంది. చదువుతుంటే బెంగాల్ నీటివాసన తగులుతుంది. ఆట పుట్టిన 48 ఏళ్లకు ఈ పుస్తకం వచ్చింది. ఇంత ఆలస్యమెందుకు జరిగిందని అడగాల్సిందే.

ఇకముందు అంత ఆలస్యం అక్కర్లేదు, ఎందుకంటే అనుమతి సంగతి ఇప్పుడు మారింది. టీఎస్‌ఆర్‌ను కొనుక్కున్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2000లో ఆట నియమాల్లో పెద్ద భాగాన్ని ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చింది. వందల కొద్దీ చిన్న ప్రచురణ సంస్థలు దాని నీడన పుట్టాయి. 2023 జనవరిలో అదే సంస్థ షరతులు బిగించబోతోందని ముసాయిదా బయటపడింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటిన రాబడిలో 25 శాతం దాకా వాటా అడిగే ఆలోచన అందులో ఉంది. ఆటగాళ్లు, ప్రచురణకర్తలు మండిపడ్డారు. ఆ నెలాఖరులోపే సంస్థ వెనక్కి తగ్గి, 400 పేజీల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. మూలం ఎవరిదో చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇచ్చినదాన్ని మళ్లీ లాక్కోవడం కుదరదు. ఇంకొకరి అనుమతి మీద ఆధారపడి బ్లెడ్‌సా కట్టిన వ్యాపారం కూలిపోయింది. ఇవాళ బనశంకరిలో ఒక అద్దెగదిలో కూర్చున్న అమ్మాయికి ఆ భయం లేదు. కంప్యూటర్‌లో పుట కట్టి, పీడీఎఫ్‌గా పెడితే గోదాము అద్దె, పోస్టు ఖర్చు కూడా ఉండవు.

ఆ అమ్మాయి తెలుగుదైతే ముందుగా ఏం రాయాలో నా కోరిక చెప్పేస్తాను. పల్నాటి వీరులున్నారు, కాటమరాజున్నాడు, యుద్ధాలు కావాలంటే కొదవ లేదు. నా ఓటు మాత్రం మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన కాశీమజిలీలకే. 12 భాగాల ఆ గ్రంథానికి కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది. మణిసిద్ధుడనే యతి, గొల్లపిల్లవాడు కాలినడకన కాశీకి పోతుంటారు. మజిలీ దిగిన ప్రతిచోటా కుర్రాడు ఊళ్లోకి వెళ్లి ఏదో ఒక వింత చూసి వస్తాడు. అలా ఎందుకుందో చెప్పమంటాడు. చెప్పకపోతే అడుగు ముందుకు వేయనంటాడు. ఆటకు కావలసిన అమరిక అంతా అందులోనే ఉంది: దారి, మజిలీ, ఊరు, వింత. గ్రంథంలో మణిసిద్ధుడు తన మణి మహిమతో జవాబు తెలుసుకుని చెబుతాడు. ఆటలో మాత్రం మణిని పక్కన పెట్టేసి, ఊళ్లోకి వెళ్లి ఆ వింత ఎందుకు జరిగిందో తేల్చుకు రమ్మని బల్ల చుట్టూ కూర్చున్న నలుగురినీ పంపాలి.